లింటన్ క్వెసీ జాన్సన్: కవా, సింగరా, రిపోర్టరా? ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

కలం_కిరికిరి:

అందరికీ నమస్తే. నేను న్యూస్ డెస్క్‌లో పనిచేస్తా, ఎక్కువగా నైట్ షిఫ్టే, వీకెండ్ దొరికితే ఓపెన్ మైక్‌లకి వెళ్లి కవితలు చదువుతుంటా. ఈమధ్య ఒక ఫ్రెండ్ వీడియో లింక్ పంపి "నువ్వు చేద్దామనుకుంటున్నది ఈయన ఎప్పుడో చేసేశాడు, చూసుకో" అన్నాడు. చూస్తే టోపీ, కోటు, కళ్లజోడు, చిన్న గడ్డం, అచ్చం ట్యూషన్ చెప్పే లెక్కల మాస్టార్లా ఉన్నాడు. వెనక బ్యాండ్ జమైకా రెగ్గే మ్యూజిక్ దంచేస్తోంది, ఈయన మాత్రం పాడడు, అరవడు, గెంతడు, మైక్ ముందు నిలబడి మాట్లాడుకుంటూ పోతున్నాడంతే, కానీ ప్రతి మాటా సరిగ్గా బీట్ మీదే పడుతోంది. పేరు లింటన్ క్వెసీ జాన్సన్. జనాలు ఎల్‌కేజే అంటారట.

నా డౌట్లు ఇవీ. ఏది ముందు వినాలి, జర్నలిజం కూడా చేశాడంటున్నారు అది నిజంగా చేశాడా లేక ఊరికే బయోడేటాలో లైనా, అదొకటి. రెండోది నా సొంత గోల. నేను కవిత వెనకాల మ్యూజిక్ పెట్టిన ప్రతిసారీ ఏదో ఒకటి చెడుతోంది, అయితే అది పాటైపోతుంది, లేదంటే మ్యూజిక్ ఒక పక్క నేనొక పక్క. జనం గిటార్‌కి చప్పట్లు కొట్టి వెళ్లిపోతున్నారు, ఒక్క లైన్ గుర్తుండట్లేదు ఎవరికీ. ఈయన ఎలా మేనేజ్ చేశాడు? మూడోది, మా డెస్క్‌లో ఒక సీనియర్ "పొద్దున వార్త రాసి సాయంత్రం దాని మీదే కవిత చదివితే రేపు నీ వార్తని నమ్మేదెవడ్రా" అంటాడు. సమాధానం తట్టట్లేదు. తెలిసినవాళ్లు చెప్పండి, ఎంత పొడుగైనా చదువుతా.

రెగ్గే_రాంబాబు:

బ్రో, ఇన్నాళ్లకి మనవాళ్లలో ఒకళ్లు ఈయన గురించి అడిగారు, నేను ఆగను ఇంక.

పుట్టింది 1952లో, జమైకాలో క్లారెండన్ పారిష్, చాపెల్టన్ అనే ఊరు. అమ్మ ముందు లండన్ వెళ్లిపోతే పిల్లాడు ఊళ్లో అవ్వ దగ్గర పెరిగాడు, ఆవిడకి చదువు రాదు, వీడే బైబిల్ చదివి వినిపించేవాడు. ఇది గుర్తుపెట్టుకో, పైకి చదవడం అలవాటైంది అక్కడే. 1963లో లండన్‌లోని బ్రిక్స్టన్‌లో అమ్మ దగ్గరికొచ్చాడు. స్కూల్లో ఉండగానే నల్లజాతి హక్కుల కోసం కొట్లాడే బ్రిటిష్ బ్లాక్ పాంథర్స్ యూత్ వింగ్‌లో చేరాడు, వాళ్ల లైబ్రరీలో అమెరికా నల్లజాతి రచయిత డుబోయిస్ పుస్తకం దొరికింది, అది చదివాకే రాయాలనిపించిందని ఆయనే చాలాసార్లు చెప్పాడు. తర్వాత గోల్డ్‌స్మిత్స్ కాలేజీలో సోషియాలజీ. మొదట్లో బ్యాండ్ గీండ్ ఏం లేదు, రాస్తా లవ్ అని ఒక గ్రూపు, డ్రమ్స్ వాయిస్తుంటే కవిత చదివేవాళ్లు.

ఇప్పుడు నీ మ్యూజిక్ గోల. జమైకాలో సింగిల్ రికార్డు వస్తే ఒకవైపు పాట ఉంటుంది, రెండోవైపు అదే పాట గొంతు తీసేసి వట్టి డ్రమ్స్, బేస్ గిటార్, దాన్ని వెర్షన్ అంటారు. సౌండ్ సిస్టమ్ డాన్సుల్లో యూ-రాయ్, బిగ్ యూత్ లాంటి డీజేలు ఆ వెర్షన్ మీద మైక్ పట్టుకుని అప్పటికప్పుడు మాటలు అల్లేవాళ్లు. ఎల్‌కేజే దీన్ని తిరగేశాడు. ఆయన దగ్గర కవితే ముందు పుడుతుంది, రాసేటప్పుడే బుర్రలో ఒక బేస్ లైన్ తిరుగుతూ ఉంటుంది, లైన్ ఎక్కడ విరగాలో అదే చెప్తుంది. కవిత పూర్తయ్యాక డెనిస్ బోవెల్ దగ్గరికి పట్టుకెళ్తాడు. బోవెల్ బార్బడోస్‌లో పుట్టి లండన్ వచ్చినవాడు, మటుంబి అనే బ్యాండ్‌లో ఉండేవాడు, బేస్ వాయిస్తాడు, సౌండ్ ఇంజనీరింగ్ కూడా ఆయనే. మాటలకి కొలత తీసుకుని మ్యూజిక్ కుట్టారు అన్నమాట. నువ్వేమో రెడీమేడ్ ట్రాక్ మీద కవితని ఎక్కిస్తున్నావేమో చూసుకో.

ఇంకోటి, రెగ్గేలో వన్ డ్రాప్ అని ఉంటుంది, నాలుగు దెబ్బల లెక్కలో మొదటి దెబ్బ ఖాళీగా వదిలేసి మూడో దానిమీద డ్రమ్ బరువు వేస్తారు, గిటార్ ఏమో రెండు, నాలుగు మీద చిన్నగా కత్తిరించినట్టు పడుతుంది. అంటే ఆ మ్యూజిక్‌లోనే ఖాళీ జాగా ఉంది, మనిషి మాట్లాడ్డానికి చోటు ఉంది. మన ఓపెన్ మైక్‌లో గిటార్ అబ్బాయి ఆపకుండా గీకుతూనే ఉంటాడు, మరి నీ మాట ఎక్కడ దూరుతుంది చెప్పు.

ప్రాక్టికల్‌గా ఒక పని చెయ్. 1980లో బేస్ కల్చర్ ఆల్బమ్ వచ్చింది, అదే సంవత్సరం ఎల్‌కేజే ఇన్ డబ్ కూడా వచ్చింది, దాన్లో ట్రాక్స్ దీంట్లోవీ, దీనికి ముందొచ్చిన ఫోర్సెస్ ఆఫ్ విక్టరీ ఆల్బమ్‌లోవీ, గొంతు దాదాపు తీసేసి బోవెల్ మిక్స్ చేసినవి. రెండూ పక్కపక్కన విను. గొంతు తీసేశాక ఎక్కడెక్కడ గుంతలు మిగిలాయో తెలిసిపోతుంది. హెడ్‌ఫోన్స్‌తో విను, ఫోన్ స్పీకర్‌లో బేస్ రాదు, బేస్ లేకపోతే ఈయన్ని విన్నట్టే కాదు.

క్రోయిడన్_నుంచి:

రాంబాబు గారు మ్యూజిక్ చెప్పేశారు కాబట్టి నేను రిపోర్టర్ సైడ్ చెప్తా. నేను సౌత్ లండన్‌లోనే ఉంటున్నా, బ్రిక్స్టన్ మాకు దగ్గరే.

1972లో బ్రిక్స్టన్ మార్కెట్ దగ్గర పోలీసులు ఒక నల్లజాతి కుర్రాణ్ణి పట్టుకుంటుంటే ఎల్‌కేజే చూశాడు. పాంథర్స్‌లో నేర్పిందేంటంటే అలాంటప్పుడు గొడవ పడకు, పోలీసుల భుజం మీద నంబర్లు రాసుకో, పట్టుకున్నవాడి పేరూ అడ్రసూ కనుక్కో అని. ఈయన అదే చేశాడు, కాగితం మీద నంబర్లు రాసుకుంటుంటే ఈయన్నే వ్యాన్‌లో పడేసి కొట్టి, పైగా పోలీసుల మీద దాడి చేశాడని కేసు పెట్టారు. అంటే రాసుకున్నందుకే దెబ్బలు. కవా రిపోర్టరా అని అడిగారు కదా, ఆ రోజు చేతిలో ఉన్న కాగితం ఏ ఖాతాలోకొస్తుందో మీరే చెప్పండి.

మీరు ఫస్ట్ వినాల్సింది నా ఓటైతే సన్నీస్ లెటా, అంటే సన్నీ ఉత్తరం అనే కవిత, 1979లో వచ్చిన ఫోర్సెస్ ఆఫ్ విక్టరీ ఆల్బమ్‌లో ఉంటుంది. బ్యాక్‌గ్రౌండ్ తెలియాలి ముందు. 1824 నాటి వేగ్రన్సీ చట్టంలో ఒక సెక్షన్ ఉండేది, జనం సస్ అనేవాళ్లు, నువ్వు నేరం చెయ్యక్కర్లా, చేసేలా తిరుగుతున్నావని పోలీసులకి అనుమానం వస్తే చాలు, ఇద్దరు పోలీసులు కోర్టులో చెప్తే కేసు నిలబడిపోయేది, బయటి సాక్షి అక్కర్లేదు. నల్ల కుర్రాళ్ల మీద దీన్ని ఎడాపెడా వాడారు. దీని మీద ఎవరైనా అయితే నినాదం రాస్తారు. ఈయన ఉత్తరం రాశాడు. జైల్లో ఉన్న కొడుకు అమ్మకి రాసే ఉత్తరం, పైన బ్రిక్స్టన్ జైలు అడ్రస్ వీధి పేరుతో సహా, తర్వాత ఈ నాలుగు ముక్కలు నీకు చేరేసరికి నువ్వు క్షేమంగా ఉంటావని తలుస్తా అనే పద్ధతిలో మొదలు, మన పాత ఇన్‌లాండ్ లెటర్లలో "ఇక్కడ అందరం క్షేమం" అని రాసేవాళ్లు చూడండి, ఆ మర్యాదే. తమ్ముణ్ణి చూసుకుంటానని మాటిచ్చాను అమ్మా, చూసుకోలేకపోయా అంటాడు. బస్‌స్టాప్‌లో నిలబడి ఉన్నారు, ఆఫీసులు వదిలే టైమ్, పోలీస్ వ్యాన్ ఆగింది, ముగ్గురు దిగారు, చేతుల్లో లాఠీలు, తమ్ముణ్ణి పట్టుకున్నారు. అక్కడిదాకా మామూలు మాటలే. కొట్టడం మొదలయ్యాక లైన్లు చిన్నవైపోతాయి, ఎక్కడెక్కడ దెబ్బ పడిందో ఒక్కో లైన్‌కి ఒక్కోటి, అంత్యప్రాస టకటకా పడుతుంటే దెబ్బ పడ్డట్టే ఉంటుంది. తర్వాత అన్న తట్టుకోలేక తిరగబడతాడు, అప్పుడూ అవే చిన్న లైన్లు, చివరికి ఒక పోలీసు పడి చచ్చిపోతాడు. తమ్ముడి మీద సస్ కేసు, ఇతని మీద మర్డర్ కేసు. మళ్లీ ఉత్తరం మర్యాదలోకి వచ్చేసి, దిగులు పడకమ్మా, ఇట్లు నీ కొడుకు సన్నీ అని ముగుస్తుంది.

టైమ్, ప్లేస్, ఎంతమంది, చేతిలో ఏముంది, ఏ సెక్షన్. ఏ డెస్క్‌కి పంపినా కాపీ పాసైపోతుంది. మనిషి కల్పితమే కానీ కేసు వందల ఇళ్లలో జరిగింది. ఆ సెక్షన్ 1981లో రద్దయింది, కవిత వల్లే అని అనను, తల్లులు కమిటీలు కట్టి ఏళ్ల తరబడి కొట్లాడారు, కవిత వాళ్ల వెంట ఉంది.

ఇంకొకటి, ఇక్కడి ఇండియన్స్‌కి తెలియాల్సింది. మేం సరుకులకని లండన్‌లోనే సౌత్‌హాల్ వెళ్తుంటాం, అక్కడే 1979 ఏప్రిల్ 23న నేషనల్ ఫ్రంట్ అనే జాత్యహంకార పార్టీ మీటింగ్ పెడితే పంజాబీ జనం, వాళ్లతో పాటు బయటి నుంచి వచ్చినవాళ్లూ అడ్డుకోడానికి రోడ్డెక్కారు. బ్లెయిర్ పీచ్ అని న్యూజీలాండ్ టీచర్, పోలీసుల దెబ్బ తలకి తగిలి చనిపోయాడు. మరుసటి ఏడే ఎల్‌కేజే రెగ్గే ఫై పీచ్ రికార్డు చేశాడు, స్పెషల్ పెట్రోల్ గ్రూపు అనే పోలీసు దళాన్ని పేరు పెట్టి మరీ హంతకులన్నాడు. పోలీసుల సొంత లోపలి రిపోర్టు 2010లో గానీ బయటికి రాలేదు, అందులో కూడా కొట్టింది చాలావరకు ఆ దళం ఆఫీసరే అయ్యుంటాడని ఉంది. ఒక్కడి మీద కూడా కేసు పడలేదు.

దప్పు_దరువు:

మీరంతా గింత లోతుగా చెప్తుంటే నాకు ఒకటే అనిపిస్తుంది, మన గద్దరన్న చేసింది ఇది కాదా? గొంగడి, గజ్జెలు, చేతిల కర్ర, జననాట్య మండలి ఊరూరు తిరిగి ఏం జరిగిందో పాటల చెప్పలేదా, పేపర్ల రానిది పాటల వచ్చేది. బయటోడు ఇంగ్లీషుల చేస్తే స్పోకెన్ వర్డ్ అని పేరు పెట్టి నోరెళ్లబెడ్తం, మనోడు చేస్తే జానపదం అని పక్కకు పెడ్తం. నాకు గా కోపం ఉంది, దాచుకోను.

ఇంకోటి, నేను వీడియోలు చూసిన. ముంగట ఉన్న తెల్ల పోరగాండ్లు మంచిగ ఊగుతున్నరు, ఆయన ఏమో తమ్ముణ్ణి పోలీసోళ్లు కొట్టిన ముచ్చట చెప్తున్నడు. గా బేస్ అంత తియ్యగ ఉంటే మాట చెవికెక్కుతదా? అడిగినాయన బాధ గదే కదా, జనం గిటార్‌కు చప్పట్లు కొడ్తున్నరు అని. గంత పెద్దాయనకు కూడ అదే అయితుంది అంటున్న నేను.

రెగ్గే_రాంబాబు:

దప్పు అన్నా, గద్దర్ గారి మాట ఒప్పుకుంటా, పని ఒకటే. కాకపోతే విధానం వేరు, గద్దర్ గారిది బాణీ, జనం తిరిగి పాడాలి, కోరస్ అందుకోవాలి, అందుకే బాణీ ఈజీగా ఉండాలి. ఎల్‌కేజేది తిరిగి పాడలేరు, వినాల్సిందే. అడిగిన బ్రో ఏ దారి ఎంచుకుంటాడో ముందు తేల్చుకోవాలి, రెండిటి మధ్యలో ఇరుక్కుంటేనే పాటా కాక కవితా కాక పోతుంది.

బేస్ మాటని మింగేస్తుందనేది మాత్రం కొంచెం నిజం, దాచేదేముంది. అందుకే కదా ఆయన బ్యాండ్‌తో ఎంత తిరిగాడో, ఏ బ్యాండూ లేకుండా వట్టి గొంతుతోనూ అంతే చదివాడు, 1996లో ఎ కపెల్లా లైవ్ అని అచ్చంగా అలాంటి ఆల్బమే వేశాడు. విను అన్నా, బ్యాండ్ లేకపోయినా బేస్ వినిపిస్తూనే ఉంటుంది, లైన్‌లోనే ఉంది కాబట్టి. నా లెక్కలో అదే టెస్ట్. మ్యూజిక్ తీసేస్తే కవిత కూలిపోయిందంటే ఆ మ్యూజిక్ దాన్ని మోస్తోందన్నమాట.

దప్పు_దరువు:

సరే తమ్మీ, గా వట్టి గొంతుది ఇంట. ఊగే పోరగాండ్ల సంగతి మాత్రం నా మాట నాదే.

పాత_స్ట్రింగర్:

సీనియర్ గారి ప్రశ్నకి ఇంకా ఎవరూ రాలేదు కాబట్టి నేను వస్తున్నా. నేను చాలా ఏళ్లు జిల్లాల్లో స్ట్రింగర్‌గా చేశాను, లైన్ అకౌంట్ బతుకు, అచ్చయిన లైన్ల లెక్కన డబ్బులు, ఇప్పుడు మానేశా.

జర్నలిజం నిజంగానే చేశాడా అని అడిగారు. చేశాడు నాయనా, డెబ్బైల్లో ఎన్ఎంఈ, మెలొడీ మేకర్, బ్లాక్ మ్యూజిక్ పత్రికలకి రెగ్గే మీద రాసేవాడు. 1976లో రేస్ అండ్ క్లాస్ జర్నల్‌లో జమైకా తిరుగుబాటు సంగీతం మీద పెద్ద వ్యాసం ఉంది. 1982లో బీబీసీ రేడియోకి జమైకా పాపులర్ మ్యూజిక్ చరిత్ర పది భాగాలు చేశాడు. ఎనభైల్లో ఛానల్ 4లో ద బాండుంగ్ ఫైల్ అనే ప్రోగ్రామ్‌కి రిపోర్టర్‌గా పనిచేశాడు. అన్నిటికంటే ముఖ్యం రేస్ టుడే పత్రిక, బ్రిక్స్టన్‌లో రైల్టన్ రోడ్డులో వాళ్ల ఆఫీసు, ఎడిటర్ డార్కస్ హౌ. మన పుణేలో పుట్టిన ఫరూఖ్ ధోండీ కూడా ఆ గుంపులో మనిషే, తర్వాత మంగళ్ పాండే సినిమాకి రాసింది ఆయనే. ఎల్‌కేజే తొలి కవితల పుస్తకం 1974లో వేసింది కూడా రేస్ టుడేనే.

ఇప్పుడు మీ సీనియర్ మాట. ఆయన చెప్పింది కొట్టిపారేసేది కాదు. ఎల్‌కేజేకి చెల్లిందేమిటంటే రేస్ టుడే మేం తటస్థం అని ఎప్పుడూ చెప్పుకోలేదు, ఫలానా జనం తరఫున అని బోర్డు పెట్టి నడిపిన పత్రిక. చదివేవాడికి ముందే తెలుసు. మీరు పనిచేసే చోట బోర్డు వేరే ఉంటుంది, జీతం వేరే చోట నుంచి వస్తుంది, కాబట్టి ఆయన్ని చూపించి మీరు తప్పించుకోలేరు. కానీ ఇంకో సంగతి ఉంది. 1981 జనవరి 18న లండన్‌లోనే న్యూక్రాస్‌లో ఒక ఇంట్లో పుట్టినరోజు పార్టీలో మంటలొచ్చి 13 మంది నల్లజాతి పిల్లలు పోయారు. ప్రభుత్వం వైపు నుంచి సానుభూతి మాట కూడా రాలేదు. "13 మంది చచ్చారు, ఎవరూ నోరు మెదపలేదు" అన్నదే నినాదమైంది. మార్చి 2న, సోమవారం, పని దినం, ఓ 20,000 మంది పనులు మానేసి న్యూక్రాస్ నుంచి హైడ్ పార్క్ దాకా నడిచారు. దాన్ని కూడా పెద్ద పేపర్లు అల్లరి కింద రాశాయి. ఆ ఘటన మీద ఎల్‌కేజే రాసిన కవితలో ముందు పార్టీ సందడి ఉంటుంది, వచ్చేవాళ్లు పోయేవాళ్లు, డాన్సు, వేడి, తర్వాత ఆగి గుర్తుందా అని అడుగుతాడు, మళ్లీ సందడి, మళ్లీ ఆగుతాడు. పేపర్లు అంకె రాశాయి, ఆ పిల్లలు ఆ రాత్రి ఎంత సరదాగా ఉన్నారో ఈయన రాశాడు. వార్తలో పట్టనిది కవితకి వెళ్లింది తప్ప వార్తనే రెండోసారి పాడలేదు. మీరు పొద్దున రాసినదాన్నే సాయంత్రం ఎమోషన్ కలిపి చదువుతుంటే మాత్రం మీ సీనియరే కరెక్టు.

ఇంకో ముచ్చట, నాకు బాగా నచ్చింది. 1975లో రేస్ టుడేలో రెగ్గే స్టార్ బాబ్ మార్లీ మీద వ్యాసం రాస్తూ, ఐలండ్ రికార్డ్స్ అనే కంపెనీ ఆయన్ని రాక్ మార్కెట్‌కి తగ్గట్టు ఎలా తయారుచేసి అమ్ముతోందో ఉతికి ఆరేశాడు. నాలుగేళ్లకి ఈయన ఫోర్సెస్ ఆఫ్ విక్టరీ వేసింది ఎవరనుకున్నారు? ఆ ఐలండే. 1981 కల్లా ఎల్‌కేజే రికార్డ్స్ అని సొంత లేబుల్ పెట్టుకున్నాడు లెండి. తిట్టినవాడి దగ్గర రికార్డు వేయించుకోవడం తప్పా ఒప్పా అని నేను తీర్పు చెప్పను, తిట్టింది మాత్రం వెనక్కి తీసుకోలేదు.

కలం_కిరికిరి:

అమ్మో, అందరికీ దండాలు. స్ట్రింగర్ గారూ, మా సీనియరే కరెక్టన్న ఆ పేరా ఆయనకి చూపించను, చూపిస్తే ఇంక ఆగడు. నిజం చెప్పాలంటే నా కవితల్లో సగం వార్తకి ఎమోషన్ కలిపినవే. రాత్రి షిఫ్ట్ అయ్యాక సన్నీస్ లెటా విన్నా, ఆ ఇంగ్లీష్ సగమే అర్థమైంది కానీ దెబ్బల దగ్గర మౌత్ ఆర్గాన్ వింటూ కుర్చీలో సర్దుకుని కూర్చున్నా. ఒక చిన్న డౌట్, ఆ జమైకా ఇంగ్లీష్‌ని కాగితం మీద చదవాలా, విని అర్థం చేసుకోవాలా? నాకు లిరిక్స్ లేకపోతే కష్టంగా ఉంది. దప్పు అన్నా, మీ కోపం న్యాయమే, గద్దర్ గారి మీద వేరే థ్రెడ్ వేద్దాం, మీరే మొదలుపెట్టండి.

క్రోయిడన్_నుంచి:

రెండూ కలిపి చెయ్యండి. ఆయన స్పెల్లింగ్ కూడా నోటికి తగ్గట్టే రాస్తాడు, చూడ్డానికి బెదిరిస్తుంది, పైకి చదివితే దారికొచ్చేస్తుంది. 2002లో పెంగ్విన్ మోడర్న్ క్లాసిక్స్‌లో మి రెవల్యూషనరీ ఫ్రెన్ పేరుతో ఎంచిన కవితలు కలిపి వేశారు, బతికుండగా ఆ సిరీస్‌లోకెక్కిన కవుల్లో ఆయన రెండోవాడు, నల్లజాతి కవుల్లో మొదటివాడు. వ్యాసాలు కావాలంటే 2023లో టైమ్ కమ్ అని ఒకే పుస్తకంగా వచ్చాయి, ఆ మార్లీ వ్యాసం లాంటివి చదవాలంటే అదే. మీరు కవిత్వం కంటే అదే ముందు చదివినా నష్టం లేదు, జర్నలిస్టు కాబట్టి.

సన్నీ అయ్యాక ఇంగ్లన్ ఈజ్ ఎ బిచ్ వినండి. పేరు చూసి బూతు అనుకోకండి, లండన్ వచ్చి అండర్‌గ్రౌండ్ రైల్వేలో పనిచేసి, హోటల్లో గిన్నెలు కడిగి, గుంతలు తవ్వి, ఫ్యాక్టరీలో పగలూ రాత్రీ షిఫ్టులు చేసి, 55 ఏళ్లకి ఉద్యోగం ఊడిన పెద్దాయన గోడు అది. మా ఇంటి పైవాటాలో ఉండే జమైకా పెద్దాయనకి ఆ ట్రాక్ మొత్తం నోటికొచ్చు, నవ్వుతూ చెప్తాడు.

దప్పు_దరువు:

గద్దరన్న థ్రెడ్ ఏస్తున్న. రాంబాబు తమ్మీ నువ్వు అండ్ల బేస్ గురించి మాట్లాడకు, డప్పు గురించి మాట్లాడు.

రెగ్గే_రాంబాబు:

డప్పులో కూడా ఖాళీ దెబ్బ ఉంటుంది అన్నా, అక్కడికే వస్తున్నా.